ఒకే కవర్లో రెండు కాగితాలు

మనం పంపే ఈమెయిలు ఒకటి కాదు, రెండు అన్న సంగతి నాకు అరవై దగ్గర పడ్డాక తెలిసింది. తెలుసుకుని బాగుపడ్డ రోజు ఒక్కటీ లేదు. ఈ మాట చెప్పాల్సిన మీటింగులో సగమే చెప్పి ఊరుకున్నాను. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

శ్రీకాకుళంలో మాదొక చిన్న సంఘం. పెద్దవాళ్ళకు చదువు చెప్పే సంఘం. అరసవల్లి రోడ్డులో ఒక లాడ్జి మేడ మీద రెండు గదులు. ఆదివారం గుడికొచ్చే జనాన్ని మోసుకుంటూ ఆటోలు కింద హారన్లు మోగిస్తుంటే, పైన మేం కిటికీలు మూసుకుని, చెమటలు కక్కుకుంటూ మీటింగులు పెట్టుకునేవాళ్ళం. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల పల్లెల్లోనూ మాకు కేంద్రాలుండేవి. కేంద్రమంటే భవనం అనుకునేరు. ఒక ఊళ్ళో బడి వరండా, ఇంకో ఊళ్ళో రైసు మిల్లు చావడి, మరో ఊళ్ళో కిరాణా కొట్టు అరుగు. పనులు ముగించుకున్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ సాయంత్రం ఓ గంట, గంటన్నర కూర్చుని అక్షరాలు దిద్దుకుంటారు. గట్టిగా పట్టుకున్నవాళ్ళు బడికి వెళ్ళకుండానే పదో తరగతి పరీక్షకు కడతారు.

నేనూ అలా దిద్దుకున్నదాన్నే. నలభై రెండో ఏట మొదటిసారి 'అ' రాశాను. చదువొచ్చాక నా కళ్ళు తెరుచుకున్నాయని మీటింగుల్లో నాచేత చెప్పించేవారు. అంతకు ముందూ నా కళ్ళు తెరిచే ఉన్నాయి. బస్సు బోర్డు చదవడం వచ్చింది, మందు సీసా మీద మాట చదవడం వచ్చింది, నా సంతకం నేను పెట్టడం వచ్చింది. అది చాలా పెద్ద సంగతి. దానికి వేరే అలంకారం అక్కర్లేదు. తర్వాత నేను చదువు చెప్పేదాన్నయ్యాను, ఇంకా తర్వాత సంఘం కమిటీలోకి వచ్చాను. చదివేటప్పుడు ఇప్పటికీ నాకు ప్రతి మాట కిందా వేలు ఉండాలి. నేను చెప్పిన ప్రతివాళ్ళకీ అదే నేర్పాను. వేలు పెట్టని మాట చదివినట్టు కాదు అని.

మొదట్లో కేంద్రాలకు కబురు కార్డు ముక్క మీద పోయేది. నేనే రాసేదాన్ని. చేరడానికి మూడు రోజులు పట్టేది, ఒక్కోసారి వారం. ఆలస్యమే గాని, నా చేతిలో ఏముందో వాళ్ళ చేతిలోనూ అదే ఉండేది. ఆ మాట విలువ తర్వాత తెలిసింది.

తర్వాత కంప్యూటరు వచ్చింది. దాని పని మా తమ్ముడి కొడుకుది. ముప్పై అయిదేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. వాడు పని రానివాడు కాదు. అదే చిక్కు. పని రానివాడైతే పక్కన నిలబడి చేయించుకునేదాన్ని. వాడికి అన్నీ వచ్చు కాబట్టి ఎవరూ ఏమీ అడగరు.

వాడు విశాఖపట్నంలో ఏదో కోర్సు చేసొచ్చి, సంఘం మెయిళ్ళను అందంగా చేయడం మొదలుపెట్టాడు. పైన మా సంఘం బొమ్మ. చుట్టూ తోరణం లాంటి అంచు. తేదీ ఎర్ర గడిలో, ఊరి పేరు పచ్చ గడిలో. కమిటీలో అందరూ ఫోన్లు చేతిలో పట్టుకుని చూసి మురిసిపోయారు. మా కోశాధికారి అయితే పెళ్ళి శుభలేఖలా ఉందన్నాడు. పరీక్ష కబురుకు శుభలేఖ ఎందుకో నాకు అర్థం కాలేదు. అందరూ ముచ్చటపడుతున్నారు, నేనొక్కదాన్నే మూతి ముడుచుకోవడం ఎందుకని సరేనన్నాను.

వారం తిరక్కుండా కొత్తవలస అవతలి నుంచి షావుకారు ఫోను చేశాడు. ఆ ఊళ్ళో మా కేంద్రం ఆయన కిరాణా కొట్టు అరుగు మీద నడిచేది. తాతల నాటి వ్యాపారం, మాట మీద నిలబడే మనిషి. అరుగు ఇచ్చాడు, దీపం ఇచ్చాడు, పైసా అడగలేదు. ఆయన దగ్గర ఉన్నది మీటల ఫోను. అందులోనే మెయిలు చూసేవాడు. వచ్చిన కబురును బిస్కెట్ల అట్టపెట్టె చింపి, దాని లోపలి వైపున మార్కరుతో తెలుగులో పెద్ద పెద్ద అక్షరాల్లో రాసి, ఉల్లిపాయల బస్తా పైన మేకుకు తగిలించేవాడు. ఊరికి కబురంటే అదే. అట్ట మీదకు ఎక్కినది ఖాయం, ఎక్కనిది పుకారు.

"అమ్మగారూ, మీ ఉత్తరం వచ్చినాది గాని అందులో ఏటీ నేదు. తెల్లగా ఉన్నాది. అడుగున ఇంగ్లీషు అక్షరాలు బారుగా ఉన్నాయి. అట్ట మీద ఏటి రాయమంటారు, అదే రాసీమంటారా?" అన్నాడు.

మావాణ్ణి అడిగితే, ఆయన ఫోను పాతది అత్తా, కొత్తది కొనుక్కోమను అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఒరే, సదువు రానోళ్ళకి సదువు సెప్తామని బోర్డు కట్టినాం. ఇప్పుడు మంచి ఫోను నేనోళ్ళని ఎల్లిపొమ్మంటావేటి?" అన్నాను. వాడు విసురుగా వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చి, దారి ఒకటుంది అన్నాడు.

అప్పుడు చెప్పాడు ఈ రెండు కాగితాల సంగతి. మెయిలు ఒక కవరు అనుకో అత్తా, అందులో రెండు కాగితాలు పెట్టొచ్చు. ఒకటి రంగుల కాగితం, బొమ్మలూ గడులూ అన్నీ ఉన్నది. రెండోది ఉత్త అక్షరాల కాగితం, రంగు లేదు, బొమ్మ లేదు. పెద్ద ఫోను కవరు విప్పితే రంగులది చూపిస్తుంది. చిన్న ఫోను విప్పితే ఉత్తది చూపిస్తుంది. రెండూ ఒకేసారి ఎవరికీ కనబడవు. ఇన్నాళ్ళూ తను రెండోది రాయలేదు కాబట్టి షావుకారుకు తెల్లగా కనబడింది.

నాకు బాగానే అనిపించింది. ఉన్నవాడికి ఉన్నట్టు, లేనివాడికి లేనట్టు, ఎవరికి తగ్గది వాళ్ళకు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదురా అంటే, ఎవరూ అడగలేదు కదా అన్నాడు.

ఇంకో మెలిక ఉంది. షావుకారు ఫోనులో తెలుగు అక్షరాలు రావు, వాటి బదులు డబ్బాలు వస్తాయి. అందుకని ఉత్త కాగితాన్ని తెలుగు మాటలతోనే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. షావుకారుకు అది చదవడం అలవాటే. టోకు వ్యాపారులతో ఆయన బేరాలన్నీ అలాగే నడిచేవి. చదవలేనిదాన్ని నేను. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ చూపిస్తే పేరు చెప్తాను. నాలుగు కలిపితే నాకు మాట కాదు, కంచె.

అంటే చూడండి. నాలాంటివాళ్ళ కోసం కొట్లాడి పెట్టించిన కాగితం, నేను చదవలేని కాగితం. కమిటీలో ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నామోషీ వేసింది. చదువు చెప్పే సంఘంలో కూర్చుని, చదవడం రాదని ఎలా చెప్తాను.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. పంపే ముందు మావాడు రెండు కాగితాలూ పైకి చదవాలి. నేను కళ్ళు మూసుకుని వినాలి. వినడంలో నన్ను బోల్తా కొట్టించడం కష్టం. నలభై రెండేళ్ళు చెవితోనే బతికాను. పొలం తగవులూ పెళ్ళి మాటలూ ఆస్పత్రి చీటీలూ అన్నీ వినే గుర్తు పెట్టుకున్నాను. ఎక్కడ తేదీ తప్పినా, ఎక్కడ ఊరి పేరు జారినా ఆపేదాన్ని. కొన్ని నెలలు అలా బాగానే సాగింది.

ఆ తర్వాత వాడికి విసుగు పుట్టింది. రంగులది ఒకసారి, ఉత్తది ఒకసారి, ఒకే మాటలు రెండుసార్లు చదవాలి. రెండూ ఒకటే గదా అత్తా, ఒకటి ఇంటే సాల్దా అన్నాడు ఓ రోజు. కింద ఆటోల గోల, గదిలో ఉక్క, నాకూ ఇంటికి పోవాలని ఉంది. సర్లే అన్నాను.

ఆ సర్లే నాది. వాడిది కాదు. ఇది మీటింగులో నేను చెప్పని సగం.

ఇక ఆవిడ సంగతి. షావుకారు అరుగు మీద చదువుకున్నవాళ్ళలో పదో తరగతి దాకా వచ్చింది ఆవిడొక్కతే. ముప్పై నాలుగేళ్ళు. జీడిపిక్కలు కొట్టే పని చేసేది. జీడి రసానికి వేళ్ళు నల్లగా మాడి, తోలు లేచిపోయి ఉండేవి. నోట్సు మీద మరక పడకుండా పెన్నుకు గుడ్డ పీలిక చుట్టుకుని రాసేది. వాళ్ళ పేటలో అంగన్‌వాడీ టీచరు పని వదిలేసి వెళ్ళిపోయింది. పిల్లలు ఎండలో తిరుగుతుంటే చూడలేక, వాళ్ళను పోగేసి కూర్చోబెట్టి అన్నం పెట్టించేది, పాటలు చెప్పేది ఈవిడే. ఎవరూ పెట్టమనలేదు. ఆ ఉద్యోగం ఖాళీగా ఉంది, పెద్దల పరీక్ష ఫలితాలు వచ్చాకే భర్తీ చేస్తామన్నారు. పదో తరగతి పాసై ఉండాలి. ముప్పై అయిదు దాటకూడదు. ఆవిడకు ముప్పై అయిదు నిండడానికి నెలలే ఉన్నాయి. ఈ పరీక్ష తప్పితే మళ్ళీ ఆరు నెలలకు పరీక్ష, అప్పటికి వయసు దాటిపోతుంది. ఉన్నది ఈ ఒక్కసారే. ఇది ఆవిడకు తెలుసు, షావుకారుకు తెలుసు, నాకూ తెలుసు.

పరీక్ష విజయనగరంలో ఒక బడిలో పడింది. హాలు టికెట్టు మీద ఆ బడి పేరే అచ్చయింది. ఆ కబురు మెయిల్లో పంపాం. షావుకారు అట్ట మీదకెక్కింది. సరిగ్గా నాలుగు రోజుల ముందు మాకు కాగితం వచ్చింది. ఆ బడిలో అదే రోజు వేరే పరీక్ష పెట్టారట, కొత్తవలస వైపు వాళ్ళంతా కొత్తవలస హైస్కూల్లోనే రాయాలి. నాకు సంతోషమే వేసింది. ఆవిడ ఇంటికి ఆ హైస్కూలు మూడు మైళ్ళు. పొద్దున్నే రైలెక్కి విజయనగరం పోవక్కర్లేదు.

మావాడు పాత మెయిలును తీసి, దానికి నకలు చేసి, రంగుల కాగితంలో పచ్చ గడిలోని ఊరి పేరు మార్చాడు. పైన 'పరీక్ష స్థలం మారింది' అని ఎర్రగా పెట్టాడు. నాకు పైకి చదివాడు. నేను కళ్ళు మూసుకుని విన్నాను. తేదీ సరే, టైము సరే, కొత్తవలస హైస్కూలు సరే. పంపు అన్నాను.

రెండో కాగితం వాడు ముట్టుకోలేదు. అది కంప్యూటరులో ఇంకో అర వెనకాల ఉంటుంది. ఆ అర తెరిస్తేనే కనబడుతుంది. అందులో పాత మాటలే ఉన్నాయి, విజయనగరం బడి పేరుతో సహా.

పెద్ద ఫోన్లు ఉన్నవాళ్ళందరికీ మార్పు తెలిసింది. షావుకారుకు మాత్రం నాలుగు రోజుల ముందు విజయనగరం అని ఇంకోసారి వెళ్ళింది. ఆయన దాన్ని చూసి ఏమనుకున్నాడంటే, పాపం సంఘంవాళ్ళు, మనం మరిచిపోతామేమోనని రెండోసారి గుర్తు చేస్తున్నారు అనుకున్నాడు. కొత్త అట్ట చింపి, ముందటి కన్నా పెద్ద అక్షరాల్లో రాసి తగిలించాడు. ఆవిడను పిలిచి, రెండుసార్లు చెప్పారంటే ఇంక మార్పు లేనట్టే, తెల్లారి మొదటి రైలుకి వెళ్ళిపో అన్నాడట. అసలు కబురు పంపకపోయి ఉంటే, ఎందుకైనా మంచిదని ఆవిడ నాకు ఫోను చేసి ఉండేదేమో. మేం పంపిన కబురే ఆవిడ నోరు నొక్కింది.

పరీక్ష రోజు పొద్దున పదింటికి నా ఫోను మోగింది. కొత్త నంబరు. ఆవిడ ఎవరిదో ఫోను అడిగి తీసుకుని చేసింది.

"పెద్దమ్మా, బడి మారినాదంట, మీకు తెలుసా?"

మారింది కదమ్మా, నాలుగు రోజుల కిందటే చెప్పాం కదా, కబురు సరిగ్గా చదువుకోవద్దా అని కసిరాను. అవును, కసిరాను. అది కూడా రాయాల్సిందే. ఫోను ఎవరిదో వాళ్ళకు ఇచ్చేసినట్టుంది, మాట ఆగిపోయింది.

తర్వాత తెలిసింది. చీకటుండగా లేచి, ఆటోలో కొత్తవలస స్టేషనుకు వచ్చి, మొదటి రైలు పట్టుకుని విజయనగరం వెళ్ళింది. ఆ ఆటో కొత్తవలస హైస్కూలు గేటు ముందు నుంచే పోయింది. గేటు అప్పటికి తాళం వేసి ఉంది. విజయనగరంలో కాపలావాడు హాలు టికెట్టు చూసి, బడి ఇదే గాని పరీక్ష ఇది కాదు అన్నాడు. లోపల నుంచి ఒక పంతులుగారు వచ్చి ఎవరికో ఫోను చేసి కొత్తవలస అని కనుక్కునేసరికి ఆలస్యమైపోయింది. బస్సెక్కి వెనక్కి వచ్చింది. కొత్తవలస గేటు దగ్గరకు చేరేసరికి లోపలికి పంపే టైము దాటి పది నిమిషాలు. వాళ్ళ నియమం వాళ్ళది, పంపలేదు. నాకు ఫోను చేసింది ఆ గేటు బయట నుంచి. ఆ రోజు పరీక్ష తెలుగు.

మధ్యాహ్నం షావుకారు ఫోను. అంత నెమ్మదైన మనిషి, పలకరింపు కూడా లేకుండా మొదలెట్టాడు. మీ ఉత్తరంలో ఏముందో నేను చదువుతాను ఇనండి అని, ఒక్కో మాటా ఆపి ఆపి చదివాడు. విజయనగరం. నేను ఫోను స్పీకరులో పెట్టి మావాడి ముందు బల్ల మీద ఉంచాను. వాడు కంప్యూటరులో ఆ రెండో అర తెరిచాడు. దాని వంక చూశాడు. నాకు ఆ అక్షరాలు చదవడం రాకపోయినా వాడి మొహం చదవడం వచ్చు.

ఆ తర్వాత వాడు అన్న మాట మాత్రం నేను ఎప్పటికీ మరిచిపోలేను. "తక్కినోళ్ళందరికీ సరిగ్గానే ఎల్లినాది అత్తా," అన్నాడు.

"ఎవులికి సరిగ్గా ఎల్లాలో ఆలకి ఎల్లనేదు. నీ తోరణం ఎవులిక్కావాల్రా," అన్నాను. ఇంకా చాలా అన్నాను. వాడి పెళ్ళాం పిల్లల్ని కూడా కలిపి అన్నాను. అవి రాయను. వాడు తిరిగి ఒక్క మాట అనొచ్చు. రెండోది చదవకపోతే సర్లే అన్నది నువ్వే కదా అనొచ్చు. అనలేదు. పెద్దదాన్నని ఊరుకున్నాడో, ఆ మాట వాడికి తట్టలేదో నాకు తెలియదు. వాడు అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

మీటింగు పెట్టాం. నేను సగం చెప్పాను. రెండో కాగితం మార్చడం మరిచిపోయారు అన్నాను, మా ఇద్దరి మధ్య జరిగిన ఒప్పందం మాట ఎత్తలేదు. కోశాధికారి, ఈ రెండు కాగితాల గొడవ ఎందుకు, ఉత్తది ఎత్తేద్దాం, ఒకటే ఉంటే తప్పు రాదు కదా అన్నాడు. అప్పుడు షావుకారుకు మళ్ళీ తెల్లగా వస్తుంది బాబూ అన్నాను. ఇంకొకాయన ఆవిడకు క్షమాపణ చెబుతూ ఒక మెయిలు పంపుదామన్నాడు. మర్నాటికి మావాడు అది తయారు చేసి చూపించాడు కూడా. చేతులు జోడించిన బొమ్మ, దాని కింద గులాబీ రంగు అక్షరాలు. చూసి నాకు నవ్వాలో వాణ్ణి కొట్టాలో తెలియలేదు. అది నేను పంపనివ్వలేదు. ఆమదాలవలసలో రైలెక్కి నేనే వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి ఆవిడ ఇంటి ముందు తాటాకు నీడలో కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది. పక్కన పేటలోని పిల్లలు నలుగురైదుగురు ఆడుకుంటున్నారు. మిగతా పరీక్షలన్నీ కొత్తవలసలోనే రాసింది, అన్నీ బాగా రాసింది. తెలుగు ఒక్కటి లేక పాసు కాగితం రాదు. మంచినీళ్ళు ఇచ్చింది. పీట వేసింది. చెయ్యి ఆపలేదు. సుత్తి ఒక్కో పిక్క మీద పడుతూనే ఉంది.

తప్పు మాది, నిన్ను కసరడం ఇంకా పెద్ద తప్పు అన్నాను. రెండు కాగితాల సంగతి ఎలా ఉంటుందో చెప్పాను. మెయిలంటే కవరు, అందులో ఒకటి రంగులది, ఒకటి ఉత్తది అని, మావాడు నాకు చెప్పినట్టే. ఆవిడ వింటూ ఉంది. అంతా అయ్యాక ఒకటే అడిగింది.

"మీకు ఏ కాగితం వచ్చినాది పెద్దమ్మా?"

అబద్ధం చెప్పొచ్చు. రంగులది అంటే సరిపోయేది, ఆవిడ నమ్మేది. నోటి దాకా వచ్చింది.

"నాకేదీ రానేదమ్మా. నాను సదవనేదు. ఆడు సదివితే ఇన్నాను. రొండోది ఇనక్కర్నేదని కూడా నానే అన్నాను. అది ఇంగ్లీసు అచ్చరాల్లో ఉంటాది, నాకు రాదు," అన్నాను.

ఆవిడ సుత్తి ఆగింది. నా వంక చూసింది. కోపం లేదు. కోపమైతే తట్టుకునేదాన్ని.

"మమ్మల్ని మట్టుకు ఏలెట్టి సదవమంటారు," అంది. అని మళ్ళీ పిక్క తీసుకుంది.

తిరుగు రైలు దాకా నన్ను సాగనంపడానికి షావుకారు కూడా వచ్చాడు. ఆయన తన తప్పే అంటాడు, ఫోను చేసి అడగాల్సింది అంటాడు. మీరు అడగకుండా మేమే చేశాం అంటాను నేను. స్టేషనులో ఇద్దరం అలా తప్పు కోసం తగవులాడుకున్నాం. ఆ తప్పు ఎవరు పంచుకున్నా ఆవిడకు ఒరిగేదేమీ లేదు.

ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది. పక్క ఊరి పిల్ల, మంచిదే, పదో తరగతి పాసైన పిల్ల. ఆ పిల్ల మీద నాకేమీ లేదు. మొదటి నెలంతా పిల్లలు ఆ కొత్త టీచరు దగ్గర కూర్చోకుండా వచ్చి ఈవిడ వాకిట్లో కూర్చునేవారట. వాళ్ళను చెయ్యి పట్టుకుని అక్కడ దిగబెట్టి వచ్చేది ఈవిడే. షావుకారు ఫోనులో ఈ మాట చెప్పాడు.

సంఘంలో పద్ధతి మార్పించాను. ఉత్త కాగితమే ముందు కొట్టాలి. అది షావుకారు ఫోనుకు ఒక్కదానికే ముందు పంపాలి. ఆయన ఫోనులో తిరిగి చదివి వినిపించాలి. నేను సరే అన్నాకే రంగుల కాగితం అందులోంచి తయారవ్వాలి. మావాడు మొహం మాడ్చుకున్నాడు. నేను బతికున్నన్నాళ్ళూ మాడ్చుకోరా అన్నాను. ఇంగ్లీషు అక్షరాలు కలిపి చదవడం కూడా మొదలుపెట్టాను. వాడి చిన్నకూతురి పుస్తకం తీసుకుని కూర్చున్నాను. సగం వచ్చింది. ఆ సగంతో ఊరి పేరు పోల్చుకుంటాను, తేదీ పోల్చుకుంటాను, మిగతాది ఇప్పటికీ కంచే. రాని సగం గురించి ఇప్పుడు దాచను.

ఆరు నెలలకు మళ్ళీ పరీక్ష పెట్టారు. వయసు దాటిపోయినా ఆవిడ తెలుగుకు కట్టింది. పాసైందన్నది ముందే చెప్పేస్తున్నాను, దాని కోసం చివరి దాకా చూడక్కర్లేదు. ఈసారీ కొత్తవలసే. ఉత్త కాగితం షావుకారు నాకు రెండుసార్లు చదివి వినిపించాడు. అయినా నాకు కుదురు లేదు. పరీక్ష రోజు తెల్లవారుజామున రైలెక్కి నేనే వెళ్ళాను. ఆవిడ దారి తప్పితే చెయ్యి పట్టుకుని తీసుకెళదామని, అంత ధీమా నాకు.

వెళ్ళేసరికి ఆవిడ హైస్కూలు గోడ వారన కూర్చుని ఉంది. గేటు ఇంకా తెరవలేదు. అప్పటికి వచ్చిన మనిషి ఆవిడొక్కతే. నన్ను చూసి లేచి నిలబడింది, కొంగు సర్దుకుంది.

"మీరెందుకొచ్చినారు పెద్దమ్మా, ఇంత దూరం?"

కబురు సరిగ్గా అందిందా అని అడిగాను. అందింది, షావుకారు అట్ట మీద రాశారు, అంతా సరిగ్గానే ఉంది అంది. మరింకేం అన్నాను.

"నిన్న సాయంత్రం ఒచ్చి సూసి ఎల్లినాను. గోడ మీద నంబర్లు అంటించినారు. నాది మూడో గది," అంది. ఇంక మీ కాగితం నమ్మను అని అనలేదు. అనాల్సిన పని లేదు. పని మానుకుని, మూడు మైళ్ళు నడిచి వచ్చి, తన నంబరు కింద తన వేలు పెట్టి చూసుకుని వెళ్ళింది.

ఈసారి ఆ కాగితాన్ని ఎంత జాగ్రత్తగా పంపామో, ఎన్నిసార్లు సరిచూశామో చెబుదామని నోరు తెరిచాను. గేటు తెరిచారు. ఆవిడ పెన్నుకు పీలిక చుట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. నేను ఎండ ముదిరేదాకా ఆ గోడ దగ్గరే నిలబడి, తర్వాత స్టేషనుకు నడిచాను.